అంచు లోపలికి తిరిగిన కత్తి

మా అన్నయ్య చేసిచ్చిన కత్తిపీటను మా ఆయన కొలిమిలో పెట్టిన రోజు మా ఇంట్లో ఏ గొడవా జరగలేదు. పనసకాయ కోస్తుంటే అంచు ఒకచోట విరిగింది. మా అత్త సణిగింది. ఈయన దాన్ని పట్టుకెళ్లి కాల్చి, కొట్టి, కొత్తగా పదును పెట్టి తెచ్చి వంటింట్లో పడేశాడు. గొడవ మొదలైంది ఆ తర్వాతెప్పుడో మా అన్నయ్య చుట్టపుచూపుగా వచ్చి, నేను వంకాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని ఆ అంచు వంక చూసినప్పుడు.

మాది రెండువైపులా కమ్మరి కుటుంబమే. పుట్టిల్లు పాతపట్నం, అత్తారిల్లు గజపతినగరం పక్క పల్లె. ఒక కమ్మరి చేసిన కత్తికి ఇంకో కమ్మరి మళ్లీ పదును పెట్టడమంటే, ఒకరు వండి పంపిన కూరను కడిగేసి మళ్లీ పోపు వేసుకోవడం లాంటిది. ఎంత పెద్ద మాటో మాలో వాళ్లకే తెలుస్తుంది.

"ఈ పదునెవలు పెట్టినారు?" అన్నాడు అన్నయ్య.

"నానే బావా. అంచు ఇరిగిపోనాదని," అన్నాడు మా ఆయన. దాచుకోవాలన్న ఇంగితం ఆ మనిషికి పుట్టుకతోనే లేదు.

అన్నయ్య వంకాయ కూర తినకుండానే బస్సెక్కాడు. అంతే, బావలిద్దరికీ మాటలు బంద్.

మా అత్త తప్పంతా నా మీదికి తోసింది. మా వైపు కత్తిని ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోరు. ఇచ్చేవాళ్లు నేల మీద పెడితే, పుచ్చుకునేవాళ్లు తీసుకుంటారు. చేతికి చేయి అందిస్తే ఇద్దరికీ తగువొస్తుందంటారు. గృహప్రవేశం నాడు అన్నయ్య ఆ కత్తిపీట తెస్తే, సంబరంలో నేను తిన్నగా అందేసుకున్నానట. "తగువుని సేతులారా అందుకున్నావు," అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అందుకున్నది నేనైతే తగువు వాళ్లిద్దరికీ ఎందుకొచ్చిందో మరి.

వాళ్లు మాట్లాడుకోకపోతే నాకేం, ఇద్దరూ మొండి ఘటాలే అని ఊరుకుందును. కానీ మా పిల్లకి పుట్టు వెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు మూడు కత్తెరలు వేస్తేనే మంగలి చేయి వేస్తాడు. అదీ బేసి ఏడులోనే జరగాలి. మూడో ఏడు ఈ అలకలోనే గడిచిపోయింది. ఐదో ఏడు నడుస్తోంది. పిల్ల జుట్టు నడుం దాకా వచ్చింది, అందులో ఇన్ని పేలు. రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేలు కుక్కుతూ, ఇటు మొగుణ్ణీ అటు అన్ననీ కలిపి తిట్టుకునేదాన్ని. ఈ ఏడూ దాటితే ఆ వేడుక మా అన్నయ్య ఒళ్లో జరగదేమోనని లోపల భయంగానే ఉండేది.

మేనమామ వరసయ్యే ఇంకొకర్ని కూర్చోబెట్టేద్దామని మా ఆయన ఒకసారి అన్నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు, కూరలోనూ లేదు.

ఫోన్లలో నెట్ చవగ్గా దొరుకుతున్న రోజులవి. ఎక్కడో విదేశాల్లో గడ్డాల మనుషులు పోటీలు పడి పాతకాలం కత్తులు చేస్తుంటే, మా ఆయన అన్నం మానేసి చూసేవాడు. "సూడే, ఈడికి పట్టకారు పట్టడం కూడా రాదు," అని వెక్కిరిస్తూనే చూసేవాడు. సరిగ్గా అప్పుడే విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు అలాంటి పోటీ పెడుతున్నారని, చుట్టుపక్కల కమ్మరులందర్నీ పిలుస్తున్నారని కబురొచ్చింది. కబురు తెచ్చిన కాలేజీ మాస్టారికి మా అన్నయ్య ఊరు, పేరు, ఫోన్ నంబరు నేనే ఇచ్చాను. పాతపట్నంలో వదిన అన్నయ్యని బయల్దేరదీసింది. మొగాళ్లు మాట్లాడుకోకపోయినా మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకోని వారం లేదు. వాళ్లని ఒకచోట నిలబెడితే తర్వాత సంగతి తర్వాత అనుకున్నాం.

పోటీ ఇది. ఒక జమీందారు ఇంటి గోడకి వేలాడే పాత కత్తి బొమ్మని అట్ట మీద గీసి అందరికీ తలొకటి ఇస్తారు. ఇద్దరేసి ఒక జత, ఒక్కో జతకి ఇనుముగా ఒక లారీ కమాను పట్టీ. పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రానికి అలాంటి కత్తి తయారుచేయాలి. దాంతో ఒక్క వేటుకి అరటిబోదె నరకాలి. తర్వాత కత్తిని వంచి వదిలితే మళ్లీ యథాస్థానానికి రావాలి. మా జతలో పట్టకారు ఆయనది, సమ్మెట నాది. పెళ్లికి ముందు నుంచీ సమ్మెట నాదే. నన్ను చూసి కాలేజీ ఆడపిల్లలు ఫోటోలు తీసుకున్నారు. నేనూ కొంచెం గట్టిగానే కొట్టాను.

రేకుల షెడ్డులో మా పక్క కొలిమే అన్నయ్యది. ఆయన ఈయన్ని చూశాడు, ఈయన ఆయన్ని చూశాడు. ఇద్దరూ ఒకేసారి వీపులు తిప్పేశారు. "మీయన్న ఎందుకొచ్చినాడు?" అని మా ఆయన నన్ను అడిగాడు. "కత్తి సెయ్యడానికి," అన్నాను. అవతల వదిన నవ్వాపుకోడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నానికి మా కత్తి అద్భుతంగా వచ్చింది. అట్ట మీద పెట్టి చూస్తే వంపు గీతకి గీత సరిపోయింది. అంచు పల్చగా, ఈనెలాగా సాగింది. మా ఆయన చెమట తుడుచుకుని, పక్క కొలిమికి వినబడేలా, "కత్తంటే ఇలాగుండాల," అన్నాడు.

మంచినీళ్లకని లేచిన అన్నయ్య మా దాగలి దిమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. కత్తి వంక చూశాడు, అట్ట వంక చూశాడు, మళ్లీ కత్తి వంక చూశాడు. చెంబు కింద పెట్టాడు.

"ఏటి బావా," అన్నాడు, "ఇది యుద్దానికా, వరికోతకా?"

అప్పుడు చూశాం. మా ఆయన పుట్టి బుద్ధెరిగింది మొదలు చేసినవి కొడవళ్లు. కొడవలికి అంచు వంపు లోపల ఉంటుంది. యుద్ధం కత్తికి వంపు బయట ఉంటుంది. అట్ట మీద గీసినవాళ్లు అంచెటో రాయలేదు, ఈయన చెయ్యి అడగలేదు, దారి తెలిసిన ఎద్దులాగా లోపలికే పోయింది. పొద్దుట్నుంచీ నేను సమ్మెట వేసిందీ ఆ లోపలి అంచు మీదే, నాకూ తట్టలేదు. మూడడుగుల కొడవలి చేసి పెట్టాం. దాన్ని పట్టుకుని ఏ రాజైనా యుద్ధానికి వెళితే, శత్రువుల్ని కౌగిలించుకుని కోయాల్సిందే.

అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు. మా నాన్న పోయాక ఆ నవ్వు నేను వినలేదు. కడుపు పట్టుకుని, కొలిమి గట్టు మీద కూలబడి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేను భయంభయంగా మా ఆయన మొహం చూశాను. ముందు ఎర్రబడింది. తర్వాత కత్తిని ఎత్తి, గాల్లో వరి కోసినట్టు ఒకసారి లాగి, ఆయనా నవ్వేశాడు.

"నవ్వు బావా, నవ్వు," అన్నాడు. "ఇన్నేళ్లకి నోరిప్పించినాది గదా ఈ కొడవలి."

ఆ మాటకి అన్నయ్య నవ్వు ఆగింది. అన్నయ్య లేచి కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యీపు దళసరిగానే ఉన్నాది. కాల్సి వంపు ఎనక్కి తిప్పీవచ్చు. మొద్దు మీదెట్టి కర్ర సుత్తితో కొట్టాల, అంచు సెడకుండా. రెండు కొసలూ ఇద్దరు పట్టాల," అన్నాడు.

"మరి నీ కత్తి?" అని వదిన వెనకనుంచి అడిగింది.

"ఉంటాదిలే," అన్నాడు.

వాళ్లిద్దరూ ఆ కత్తి చెరో కొసా పట్టుకున్నారు. నేను కర్ర సుత్తి అందుకున్నాను. మొద్దు కాలి పొగొచ్చింది, కళ్లు మండాయి, వాళ్లిద్దరూ ఒకరినొకరు "ఇటు, ఇటు", "నీ యైపు దించు" అని కసురుకున్నారు. ఆ కసురులు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దు వాలేసరికి వంపు తిరిగింది. ఇక పదును పెట్టడమే, అంటే ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడమే మిగిలింది. మా ఆయన కత్తిని నిప్పుల్లోంచి తీయబోయి ఆగాడు. పట్టకారు వదిలి పక్కకి జరిగాడు.

"పదును నివ్వెట్టు బావా," అన్నాడు.

అన్నయ్య ఆయన వంక చూశాడు. పట్టకారు తీసుకుని, ఎర్రగా కాలిన కత్తిని నూనె తొట్టిలోకి దించాడు. మంట లేచి తగ్గింది. క్షమాపణ అనే మాట మా ఇళ్లలో ఎవరూ వాడరు. అది ఇలాగే ఉంటుంది.

గెలిచింది వేరే ఊరి జత. అన్నయ్య కత్తి పూర్తే కాలేదు. మాది అరటిబోదెను ఒక్క వేటుకి నరికింది, అందరూ చప్పట్లు కొట్టారు. వంచి వదిలితే మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు, రవ్వంత లోపలికే ఉండిపోయింది. ఇంకా కోత మీదే మనసుందన్నాడు అన్నయ్య. కత్తి కాలేజీవాళ్లు ఉంచుకున్నారు. పట్టీలోంచి నరికిన ముక్క ఒకటి మిగిలితే మా ఆయన సంచిలో వేసుకున్నాడు.

తర్వాతి నెలలోనే మా ఇలవేల్పు గుడి దగ్గర పిల్ల వెంట్రుకలు తీయించాం. అన్నయ్య కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. పిల్ల ఆయన ఒళ్లో కూర్చుని, చేతిలో లడ్డూ ఉండబట్టి, ఏడవలేదు. మంగలి కత్తెర తీయబోతే మా ఆయన ఆగమని, జేబులోంచి గుడ్డలో చుట్టిన కత్తెర తీశాడు. ఆ మిగిలిన ముక్కతో చేసింది. మెరిసిపోతోంది. అలవాటు ప్రకారం వంగి దాన్ని నేల మీద పెట్టబోయాడు.

అన్నయ్య చెయ్యి చాపాడు.

"కిందెట్టకు బావా, సేతికియ్యి. మనకి రావాల్సిన తగువు ఒచ్చీసి ఎలిపోనాది."

మా అత్త అబ్బే అంటూ లేవబోయింది. ఈలోగా కత్తెర చేతులు మారిపోయింది. అన్నయ్య బొటనవేలితో అంచు చూసి, బాగుందన్నట్టు తలూపి, మూడు కుచ్చులు కత్తిరించాడు. నేను పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, ఏటైందే అని వదిన అడిగింది. పేల బాధ వదిలిపోయిందని చెప్పాను.