తెర బయట నిలబడ్డ మనిషి

అప్పటికి నేను నంద్యాలలో జూనియర్ లాయరుగా చేరిన కొత్త. భర్త కొడుతున్నాడని, రక్షణ కావాలని కోర్టుకొచ్చిన సుజాత మా క్లయింటు. కాలు విరిగి ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉన్నందున, ఫోన్‌లో వీడియో ద్వారా సాక్ష్యం చెప్పడానికి జడ్జిగారు ఒప్పుకున్నారు. మా సీనియర్ వేరే కోర్టులో ఉండటంతో నేనే లేచి నిలబడ్డాను.

మొదటి ప్రశ్నకే ఆమె, "నన్నెవురూ కొట్టలేదు సార్. నేనే జారిపడినా" అంది. ముందురోజు "అంతా చెప్తా మేడమ్" అన్న మనిషి! తెరమీద చూస్తే, మాట్లాడే ముందు ఆమె కళ్లు పక్కకి పోతున్నాయి.

కాలేజీలో సాక్షి ముఖం గమనించమన్నారు గానీ, తెరలో కనపడని గది సంగతి ఎవరూ చెప్పలేదు. నా అనుమానం తప్పయితే నవ్వులపాలవుతాను. నిజమైతే ఆమెకేమవుతుందో!

"గదంతా చూపించమనండి సార్" అన్నాను.

జడ్జిగారు చెప్పగానే ఆమె క్షణం తటపటాయించి, చటుక్కున ఫోన్ తిప్పింది. తలుపు దగ్గర, వాయిదాలకు భర్త వెంట వచ్చే ఆమె మరిది. "ఏయ్, ఆపు!" అన్న కేకతో లైను తెగిపోయింది.

జడ్జిగారు వెంటనే ఆళ్లగడ్డ పోలీసులకు ఫోన్ చేయించారు. కబురొచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను. చివరికి ఆమే ఫోన్ చేసింది.

"పోలీసులొచ్చినారు, నేనూ బిడ్డా బాగుండాం మేడమ్. మాయమ్మోళ్లు చేనికి పోయినంక వచ్చి, నా బిడ్డను లోపల పెట్టి గడియేసినాడు. ఈసారి కోర్టుకాడికే వచ్చి చెప్తా."

తర్వాతి వాయిదాకు కాలికి కట్టుతోనే వచ్చి, బోనెక్కి అంతా చెప్పింది. రక్షణ ఉత్తర్వు వచ్చింది.

ఇప్పుడు వీడియోలో ఏ సాక్షి కనిపించినా, ముందు గది చూపించమంటాను. ఎవరూ లేరని చూశాక కూడా నాకు పూర్తిగా నమ్మకం కుదరదు.