వెంకమ్మ తీర్చిన మడుగు తగువు

అనంతసాగరం దాటి సోమశిల వైపు పోతుంటే ఒక వాగు వస్తుంది. దానికి ఇవతల యానాదుల కాలనీ, అవతల ఎరుకల కాలనీ. ఇవతలి కాలనీకి కులపెద్ద పెంచలయ్య. పెద్దరికం ఆయనకు తండ్రి నుంచి వచ్చింది గానీ, తగువులంటే మాత్రం ఆయనకు హడలు. ఎవరైనా గొంతు పెంచుకుంటూ తన ఇంటి వైపు వస్తున్నారంటే చాలు, వల భుజాన వేసుకుని పెరటి దారిన జారుకునేవాడు. వాగులో చుక్క నీరు లేని రోజుల్లో కూడా వలతోనే వెళ్ళేవాడు. అట్లా కాలనీ తగువులన్నీ ఆయన భార్య వెంకమ్మ మీద పడ్డాయి.

వెంకమ్మ ఆత్మకూరులో చేపలమ్మే మనిషి. ఎవరేం చెప్పుకున్నా మధ్యలో అడ్డం రాకుండా వినేది. వింటూ చేపల పొలుసు గీకేది. చెప్పేవాళ్ళు ఆ కత్తి వంక చూస్తూ, చెప్పదలుచుకున్న దానిలో సగంతోనే ముగించేవాళ్ళు.

మొన్నటి ఎండాకాలంలో వాగు ఎండి ఒక్క మడుగు మిగిలింది. యానాదులు అందులో వెదురు బుట్టలు పెట్టి చేపలు పట్టుకుంటున్నారు. అవతలి కాలనీ తిరుపాలు పందులు ఎండకు తాళలేక ఆ మడుగులోనే దిగి పొర్లాయి. బుట్టలు కొన్ని విరిగాయి. వెంకమ్మ మరిది చెంచయ్య గట్టున నిలబడి తిరుపాలును, పందులను కలిపి తిట్టాడు. ఎవరిని ఏ తిట్టు తిట్టాడో తేల్చుకోవడానికే అవతలి కాలనీకి ఒక పూట పట్టింది.

మర్నాడు తిరుపాలు పెద్ద ఆడపంది కనిపించలేదు. చెంచయ్యే కోసుకు తిన్నాడని అవతలివాళ్ళు అన్నారు. ఆ తర్వాత మిగిలిన బుట్టలు కూడా ఎవరో తొక్కి పోయారు. తిరుపాలు మనుషులే తొక్కారని ఇవతలివాళ్ళు అన్నారు. అక్కడి నుంచి మాట తాతల మీదికి పోయింది. ఎప్పటిదో ఒక పెళ్ళిలో ఎవరు ఎవరిని కూర్చోమనలేదో బయటికి వచ్చింది. చివరికి రెండు వైపులా ఒకే మాట మిగిలింది: “మీ జాతే అంత.”

ఈ గొడవలో అందరికంటే ముందు చితికిపోయినవాడు షేర్ ఆటో హెన్రీ. యానాదులు ఎక్కితే ఎరుకలవాళ్ళు ఎక్కరు. ఎరుకలవాళ్ళు ఉంటే యానాదులు తర్వాతి ఆటోకు వస్తామంటారు. తర్వాతి ఆటో కూడా హెన్రీదే. సగం ఖాళీ బండితో తిరిగి తిరిగి విసిగిపోయి, ఆదివారం చర్చిలో లేచి రెండు కాలనీల సమాధానం కోసం ప్రార్థన చేశాడు. ఇది గిరాకీ కోసం చేసే ప్రార్థన కాదని దేవుడికి ప్రత్యేకంగా విన్నవించుకున్నాడు.

ప్రార్థన ఫలించిందేమోననిపించింది. పోయిందనుకున్న పంది ముళ్ళపొదల్లోంచి పిల్లలతో సహా నడుచుకుంటూ వచ్చింది. ఈనడానికి చాటుకు పోయిందన్నమాట. ఇక తగువు తీరినట్టేనని హెన్రీ ఆటో కడుక్కున్నాడు. తీరలేదు. “భయపడి వదిలిపెట్టినాడు” అని అవతలివాళ్ళు అన్నారు. “దాన్ని దాచిపెట్టి మమ్మల్ని దొంగల్ని చేసినారు” అని ఇవతలివాళ్ళు అన్నారు. పంది దొరికాక గొడవ ఇంకా ముదిరింది.

అప్పుడు ఊళ్ళో నిమ్మతోటల ఆసామి వెంకటరమణయ్య రంగంలోకి దిగాడు. ఉపన్యాసమంటే ఆయనకు ప్రాణం. రెండు కాలనీలనూ కూర్చోబెట్టి, ఐకమత్యం గురించి ఎండ దిగేదాకా మాట్లాడాడు. అందరూ తలలూపారు. ఆయన బైకు మలుపు తిరగ్గానే మళ్ళీ మొదలుపెట్టారు.

చివరికి వెంకమ్మ ఇరువైపులవాళ్ళనూ వాగు ఇసుకలోకి పిలిచింది. ఆ ఇసుక ఏ కాలనీదీ కాదు. పెంచలయ్య వల అందుకోబోతే ఆమె దాని మీదే కూర్చుంది. ఆయనకు ఆ రోజు ఉండక తప్పలేదు.

చెంచయ్య గొంతు సవరించుకున్నాడు. “వదినా, ఆ రోజు ఏం జరిగిందంటే...”

“ఆపు. నువ్వు చెప్పేది నాకు నోటికొచ్చేసింది. తిరుపాలు చెప్పేదీ వచ్చేసింది. పొద్దస్తమానం అదే పాట,” అంది వెంకమ్మ. “ఈ రోజు నీ మాట తిరుపాలు చెప్తాడు. తిరుపాలు మాట నువ్వు చెప్పు.”

“అదేందక్కా, వాడి మాట నేనెందుకు చెప్పాల?” అన్నాడు తిరుపాలు.

“చెప్పకపోతే పో. రేపట్నించి ఇద్దరూ ఆత్మకూరుకి నడిచే పోండి.”

వెనక నిలబడిన హెన్రీ గట్టిగా తలూపాడు.

తిరుపాలు అయిష్టంగా లేచాడు. “నేను చెంచయ్యని. నాకు నోరు ఎక్కువ,” అని మొదలుపెట్టాడు. జనం నవ్వారు. చెంచయ్య లేవబోతే వెంకమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తిరుపాలు కాసేపు వెటకారం చేశాడు గానీ, చెప్పేకొద్దీ అతని గొంతు మారింది. “పొద్దున లేచి చూస్తే బుట్టలు విరిగుండాయి. ఇంట్లో కూరకి ఏమీ లేదు. అమ్ముకోను ఏమీ లేదు. అడిగితే, పందులకేం తెలుసు అంటాడు ఆ తిరుపాలు. పందులకి తెలవకపోతే నీకు తెలవదారా?” అని ఎదురుగా ఎవరూ లేని చోటుకు వేలు చూపించి నిలదీశాడు. ఆ తర్వాత తను తిట్టింది తననేనని గుర్తొచ్చి కూర్చున్నాడు.

అతని భార్య సుబ్బరత్నమ్మ, “ఇన్నాళ్ళకి ఒక మాట సరిగ్గా చెప్పినాడు,” అంది.

చెంచయ్య వంతు వచ్చింది. తిరుపాలు కంటే తక్కువ కాకూడదని పట్టుదలగా లేచాడు. “పందులు నా బిడ్డల్లాంటివి. ఎండకు నాలుకలు ఎళ్ళబెట్టుకుంటుంటే నేను చూస్తా కూర్చోవాల్నా? ఏ ఏడన్నా మీ మడుగు జోలికొచ్చినాయా అవి? పైనున్న గుంటలోనే పొర్లేవి. ఇప్పుడా గుంటలో నీళ్ళేవీ? అందుకే కదా కిందికి తోలినాను.”

చెప్పి, తనన్న మాట తనే విన్నట్టు ఆగిపోయాడు.

“అవును, పై గుంటలో నీళ్ళు ఏమైనాయి?” అన్నాడు పెంచలయ్య. పెద్దరికం వచ్చాక తగువులో ఆయన నోరు విప్పడం అదే మొదలు. “ఇంత ఎండలో కూడా ఎప్పుడూ మోకాటి లోతు ఉండేవి కదా.”

అందరూ ఇసుకలోనే ఎగువకు నడిచారు. గుంటలో ఒక మోటారు ఉంది. దాని పైపు పట్టుకుని పోతే వెంకటరమణయ్య నిమ్మతోటలో తేలారు.

రెండు కాలనీలు కలిసి రావడం చూసి వెంకటరమణయ్య తన ఉపన్యాసం పనిచేసిందనుకున్నాడు. “చూసినావా వెంకమ్మా, నేను చెప్పలా?” అంటూ ఎదురొచ్చాడు.

“మీరు చెప్పినట్టు ఎవురు చెప్పగలరయ్యా. మాకు మాటలు రావు. మా రెండు కాలనీల తరఫున కూడా మీరే చెప్పండి. పై గుంట ఎండిపోయింది, పందులు మా మడుగులో పడినాయి, మేం కొట్టుకు చస్తా ఉండాం. ఎందుకయిందో మీరే చెప్పండి.”

వెంకటరమణయ్యకు మాట్లాడమంటే అంతకంటే ఏం కావాలి. “నీళ్ళు అందరి సొత్తు,” అని అందుకున్నాడు. “ఒకడి స్వార్థం వల్ల పది మంది నోట్లో మట్టి పడకూడదు. ఆ గుంటలో నీళ్ళు తోడుకున్న పెద్దమనిషి ఎవడో...” అని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి కొసన నల్లటి పైపు కనిపించింది. చెయ్యి మెల్లగా దిగి మెడ గోక్కుంది.

“బోరు ఎండిపోయింది వెంకమ్మా. చెట్లు చస్తాయని వేసినాను. కిందోళ్ళ మాట తలపుకే రాలేదు,” అన్నాడు. ఈసారి మాటలు చాలా తక్కువ.

చెట్లు ఎండిపోవాలని కూడా ఎవరూ కోరలేదు. ఆ తోటలో కాయలు కోసేది ఈ రెండు కాలనీలవాళ్ళే. గుంటలో మోకాటి లోతు మిగిల్చి తోడుకోవాలని, పందులు అక్కడే ఉండాలని, మడుగు చేపలకే వదలాలని అనుకున్నారు. బుట్టలు ఎవరు తొక్కారో వెంకమ్మ అడగలేదు. “అడిగితే ఎవురో ఒకరు ఒప్పుకోవాల. ఒప్పుకుంటే మళ్ళీ మొదలు,” అంది. వెదురు పని తెలిసిన అవతలి కాలనీ కొత్త బుట్టలు అల్లి ఇవ్వాలని, వెదురు ఇవతలివాళ్ళు తెచ్చి పెట్టాలని తీర్పు చెప్పమంది మొగుణ్ణి. పెంచలయ్య లేచి అదే చెప్పి, తనే ఆలోచించినట్టు గంభీరంగా కూర్చున్నాడు.

కొద్ది రోజులకు సుబ్బరత్నమ్మ మొదటి బుట్ట అల్లుకుని తెచ్చింది. వెంకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“మూతి ఇరుగ్గా ఉండాది. చేప లోపలికి ఎట్టా పోతాది?”

“పెద్దగా పెడితే పోయిన చేప బయటికి రాదా? మా అవ్వ నాటి నుంచి అల్లతా ఉండాం బుట్టలు.”

“మీరల్లింది కోళ్ళకి. ఇది చేపలకి.”

సుబ్బరత్నమ్మ చీర దోపుకుని అక్కడే చతికిలబడి, మూతి ఊడదీసింది. వెంకమ్మ ఎదురుగా కూర్చుని ఎంత వెడల్పు ఉండాలో చేతులతో చూపించసాగింది. గొంతులు పెరగడం విని పెంచలయ్య వల కోసం లేచాడు. గుమ్మం దాకా వచ్చి తొంగి చూస్తే ఇద్దరూ ఒకే వెదురు బద్దను చెరో చివరా పట్టుకుని వంచుతున్నారు. ఆయన వల పక్కన పెట్టి, వాళ్ళకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాడు.