పొగ సార్

అమీర్‌పేటలో నేను డౌట్లు తీర్చే పనిలో చేరిన కోచింగ్ సెంటర్‌కు ప్రతి గురువారం సాయంత్రం లోబాన్, అంటే సాంబ్రాణి పొగ వేయడానికి ఒక ముసలి భాయ్ వచ్చేవాడు. రాగానే ఫ్యాన్లు ఆపించేవాడు. పొగ వేశాక వెంటనే వెళ్లిపోకుండా గది మధ్యలో తలెత్తి నిలబడి, "జర ఆగుండ్రి సార్, కలవనియ్యుండ్రి" అనేవాడు. అదేదో ప్రార్థన అనుకునేవాణ్ణి.

నా డెమో క్లాసు ఒక గురువారమే పడింది. పిల్లలకు నచ్చి చేరితేనే నేను లెక్చరర్‌ని, లేకపోతే ఇంటికి. గాలిలో తేలే సూక్ష్మ కణాలు ఢీకొని ఎలా పెద్దవవుతాయో బోర్డు నిండా సమీకరణాలు రాశాను. వెనక బెంచీల్లో ఆవలింతలు మొదలయ్యాయి. అప్పుడే భాయ్ నిప్పుల గిన్నెతో లోపలికొచ్చాడు. నేను వద్దనేలోపే ఫ్యాన్లు ఆగాయి.

ప్రొజెక్టర్ వెలుగులోకి పొగ లేచింది. "గిప్పుడు నీలంగున్నది, చూస్తున్నరా?" అని పిల్లల్నడిగాడు. అందరూ తలెత్తారు. కాసేపటికి ఆ నీలం పోయి పొగ తెల్లబడింది.

"సన్నగున్నప్పుడు నీలం. ఊకె తిరుగుకుంట గుద్దుకుంటయి, అంటుకుంటయి, మళ్ల ఇడువవు. లావైనంక తెలుపు. ఫ్యాన్ ఏస్తే కలవకముందే చెదిరిపోతయి."

"ఇదంతా ఎవరు చెప్పారు భాయ్?" అన్నాను.

"ఎవరు చెప్తరు సార్. రోజూ పొగనే చూస్త కదా."

నేను బోర్డు చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి ఆ పొగ నుంచే. ఎవరూ ఆవలించలేదు.

మర్నాడు చేరడానికొచ్చిన పిల్లలు, "పొగ సార్ రోజూ క్లాసుకొస్తరా?" అని అడిగారు.

"లేదు," అన్నాను. "సార్ గురువారాలే వస్తారు."