శుక్రవారం కబడ్డీకి వచ్చిన అమెరికా ఆయన

మొన్న ఇక్కడ దోహాలోనే, ఉమ్ ఘువైలినా పేటలో చాయ్ తాగుతుంటే, హోటల్ టీవీలో తలలకు హెల్మెట్లు, భుజాలకు దిండ్లు కట్టుకున్న మనుషులు కోడిగుడ్డు ఆకారపు బంతి కోసం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా తగ్గలేదు చూడండి!

నేను దోహాలో స్కూలు బస్సు నడిపే రోజుల్లో, ఆ ఆటే వృత్తిగా బతికిన ఒక అమెరికా ఆయన మా స్కూలు పిల్లలకు వ్యాయామం నేర్పడానికి వచ్చాడు. తలుపంత భుజాలు. రోజూ నా వెనక సీట్లో కూర్చుని, తన కోసం స్టేడియాలు ఎలా నిండేవో, వీధిలోకి వెళితే సంతకాల కోసం జనం ఎలా వెంటపడేవారో, ఒకనాడు మోకాలు విరిగితే జట్టువాళ్ళు ఎలా సాగనంపి మళ్ళీ పిలవనే లేదో చెప్పుకొచ్చేవాడు. మోకాలి దగ్గర జాలిపడాల్సింది పోయి, నేను ఆ స్టేడియాల దగ్గరే ఆగిపోయేవాణ్ణి. మన వయసువాళ్ళకు తెలుసు, ఒకప్పుడు మా మండలంలో కబడ్డీ అంటే నా పేరే చెప్పేవారు. నా వెంట ఎవడు పడ్డాడు?

ఒక్క మా మేనల్లుడు తప్ప. దోహాకు దగ్గర్లోని మెసయీద్‌లో పనిచేసే వాడు ప్రతి శుక్రవారం వచ్చేవాడు, మేముండే క్యాంప్ వెనక ఖాళీ జాగాలో మనవాళ్ళమంతా కబడ్డీ ఆడేవాళ్ళం. మొదటి కూత నాదే. నేను అవుటై కూర్చుంటే వాడు వెళ్ళి ఎవరినో ఒకరిని కొట్టొచ్చి నన్ను బతికించేవాడు. ఒక శుక్రవారం, నా ఖర్మ కాలి, ఆ అమెరికా ఆయనను నేనే పిలిచాను.

నేను అవుటైన కాసేపటికి ఆయనా అవుటయ్యాడు. అవగానే నీళ్ళ సీసా తీసుకుని, కొంచెం కుంటుతూ నా బస్సువైపు నడిచాడు. తన పని అయిపోయిందనుకున్నాడు, ఆయనకు తెలిసిన పద్ధతి అదే. మేనల్లుడు పరుగెత్తి చెయ్యి పట్టుకుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టి, "మామా, సార్‌కు చెప్పు, మన ఆటల సచ్చినోడు మల్ల బతుకుతడని," అన్నాడు. చెప్పాను. అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత వాడు కూతకు వెళ్ళి ఒకణ్ణి కొట్టొచ్చాడు. ముందు అవుటైనవాడే ముందు బతకాలి కదా, నేను ఇసుక దులుపుకుని లేచాను.

"నువ్వు జర ఆగు మామా, సార్‌ను రానీ," అన్నాడు వాడు.

కూర్చున్నాను. ఆయన చిన్నపిల్లాడిలా గంతులేస్తూ లోపలికి వెళ్ళాడు, అందరూ ఈలలు వేశారు. నా సొంత అక్క కొడుకండీ!

ఇప్పుడా జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి, కొత్తగా వచ్చినవాళ్ళు శుక్రవారమంతా ఫోన్లు చూస్తూ పడుకుంటున్నారు. అమెరికా ఆయన వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు, మేనల్లుడు ఊరు చేరుకున్నాడు. వాడు ఇప్పటికీ వారం తప్పకుండా ఫోన్ చేసి, సార్ దగ్గర్నుంచి మెసేజ్ ఏమైనా వచ్చిందా అని అడుగుతాడు. నేనెలా ఉన్నానని ఆ తర్వాత అడుగుతాడు.