బోనం నాటికి ఎర్ర కారు మెరవాలి

నా కారు ఎర్రది. కనీసం బండి కాగితాల్లో ఎర్రదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్ననాటికే ఎండకు వెలిసిపోయింది. బానెట్ మీద చెయ్యి పెడితే అరచేతికి తెల్లటి పొడి అంటేది. అయినా సొంత జీతంతో కొన్న బండి, సొంతంగా నేర్చుకున్న డ్రైవింగ్. గౌలిపుర సందుల్లోంచి ఆఫీసుకు అందులో వెళ్తుంటే నాకు నేనే మహారాణిని.

ఒక్క మా అత్తమ్మే అందులో ఎక్కలేదు. "గా ఎలిసిపోయిన డబ్బల నేను గూసోను బిడ్డా" అనేది. అడ్డం రంగు కాదని నాకు తెలుసు. కొడుకు స్కూటర్ వెనక ఎంత దూరమైనా కూర్చునే మనిషే, ఆడమనిషి చేతిలో స్టీరింగ్ చూస్తే మాత్రం ఆమెకు గుండెదడ. ఆ మాట నోటితో అనలేక తప్పంతా రంగు మీదికి నెట్టేది. ఎలాగైనా ఆమెను నా పక్క సీట్లో కూర్చోబెట్టాలని నా పంతం.

ఆషాఢం వచ్చింది. ఏటా నెత్తిన అమ్మవారి బోనం కుండ పెట్టుకుని ఛత్రినాక గుడి దాకా నడిచే అత్తమ్మకు ఈసారి మోకాళ్లు మొరాయించాయి. గుడి సందు మొదలు దాకా బండిలో పోయి, అక్కడినుంచి ఎత్తుకుంటానంది.

"నా కార్ల వోదాం అత్తమ్మా."

"అమ్మ బోనం గసొంటి బండ్ల వెడ్తరా?"

"తళతళ మెరిసేటట్టు చేస్తే?"

"చెయ్యి, సూద్దాం."

ఆ 'సూద్దాం' చాలు నాకు! కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని ఊరికే అనలేదు. ఆ వారమంతా ఫోన్‌లో కార్ల పాలిష్ వీడియోలే. అన్నం తింటూ చూశాను, ఆఫీసులో ఫైళ్ల చాటున చూశాను. "సర్వీసింగ్ల ఇస్తే అయిపాయె గదా" అన్నాడు మా ఆయన. ఇస్తే ఏముంది, పని వాళ్లది అవుతుంది. నేను నా చేత్తో చెయ్యాలి, అత్తమ్మ కళ్లముందు చెయ్యాలి.

చాంద్రాయణగుట్టలో కారు సామాన్ల దుకాణం ముందు బండి ఆపి, జాతరకొచ్చిన పిల్లలా లోపలికి వెళ్లాను. గోడ నిండా సీసాలు. ప్రతి సీసా మీదా అద్దంలా మెరిసే కారు బొమ్మే. ఏది తీసుకోవాలో ఏడుపొచ్చినంత పనైంది, అంతలోనే నవ్వూ వచ్చింది.

"పెహ్లీ బార్ క్యా అక్కా? ఫికర్ నక్కో" అని, మొదటిసారని పసిగట్టి ధైర్యం చెప్తూ దుకాణం భాయ్ ఒక్కో సీసా దించడం మొదలుపెట్టాడు. షాంపూ, మట్టిముద్దలాంటి క్లే, కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్, ఆ పైన కోటింగ్ ఒకటి, పాలిష్ పట్టే మిషను ఒకటి. మా వంటింట్లో కూడా అన్ని డబ్బాలు లేవు.

"భాయ్, ఏది ఏం చేస్తదో ఒక్క ముక్కల చెప్పు."

"కాంపౌండ్ గీకుతది. పాలిష్ మెరిపిస్తది. వ్యాక్స్ కాపాడ్తది. బస్."

అంతేనా! వారం రోజుల వీడియోలు చెప్పలేని సంగతి. కానీ వెంటనే అతను గరుకు కాంపౌండ్ పెద్ద డబ్బా నా చేతిలో పెట్టాడు. "గింత ఖరాబైన రంగుకు హెవీదే కావాలె" అన్నాడు. ఆశ పడ్డాను. బలమైన మందైతే తొందరగా పని చేస్తుందనిపించింది. మరుక్షణమే భయం పట్టుకుంది. గీకితే పోయిన రంగు మళ్లీ రాదు కదా.

"అత్తర్ కొంటే చేతి మీద రాసి చూపియ్యరా? ఇది గూడ బండి మీద రాసి చూపియ్యి. ముందు మెత్తటిది రాయి, పని చెయ్యకుంటే గరుకుది తీసుకుంట" అన్నాను.

భాయ్ నవ్వుతూ బయటికొచ్చాడు. బానెట్ మూలన రొట్టెంత మేర మెత్తటి పాలిష్ రాసి, గుండ్రంగా రుద్దాడు. గుడ్డంతా ఎర్రబడింది. "ఆగు భాయ్, రంగు పోతున్నది!" అన్నాను.

"సచ్చిన రంగు పోతున్నది అక్కా. పాత బండి, పైన వేరే పొర లేదు, అందుకే గుడ్డకు అంటుతది. కింద మాల్ సలామత్ ఉంది, ఏం కాలే."

తుడిచి చూపించాడు. దానిమ్మ గింజ ఎరుపు! నా బండి లోపల ఇంత రంగు దాక్కుని ఉందా! రోడ్డు మీదే కేక పెట్టాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. కాంపౌండ్, మిషను అక్కడే వదిలేసి షాంపూ, మెత్తటి పాలిష్, వ్యాక్స్ డబ్బా, నూగు గుడ్డలు తెచ్చుకున్నాను.

శనివారం పొద్దున బండి కడిగి, మా పక్కనున్న పాలవాళ్ల రేకుల కొట్టం నీడలో పెట్టి కొంగు బిగించాను. గేదెలు నెమరేస్తూ నన్నే చూస్తున్నాయి. అత్తమ్మ అరుగు మీద కూర్చుంది. ఎర్రబడ్డ గుడ్డ చూడగానే లేచి నిలబడింది.

"ఓయమ్మో, రంగు మొత్తం ఊడగొడుతున్నవ్ గదనే!"

"గుడ్డను కాదు అత్తమ్మా, బండిని సూడు."

చూసింది. మళ్లీ కూర్చుంది. కాసేపటికి అరుగు మీదనుంచే మేస్త్రీ పని మొదలుపెట్టింది. "గా డోరు కింద మిగిలింది సూడు." "గంత మెల్లగ రుద్దితె ఎట్లనే?" నా భుజాలు పడిపోతున్నాయి కానీ సంతోషం ఆగడం లేదు. చివరికి వ్యాక్స్ పూసి, ఆరాక తుడిచేసరికి బానెట్‌లో కొట్టం రేకులు, గేదె కొమ్ములు అన్నీ కనిపించాయి. అత్తమ్మ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, ఆ బానెట్‌లోనే కొప్పు సర్దుకుంది. గెలిచాననుకున్నాను.

బోనాల ఆదివారం సన్నగా తుంపర. అత్తమ్మ పట్టుచీర కట్టి, పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. బొట్టు పెట్టనిదే బండిలో బోనం ఎక్కదు కదా. పలుచగా కలిపిన పసుపు వేళ్లతో తీసి బానెట్ మీద మూడు గీతలు గీసింది. పసుపు నిలవలేదు. చుక్కలు చుక్కలుగా చీలి జర్రున కిందికి జారిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. వ్యాక్స్ అంత బాగా పట్టింది మరి! బోనాలెత్తుకుని పోతున్న ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. "అమ్మకు ఇష్టం లేదేమో" అంది పాలవాళ్ల ఇంటావిడ. అత్తమ్మ ముఖం వాడిపోయింది.

"మైనం అత్తమ్మా, నీళ్లు నిలవనియ్యది, అంతే" అన్నాను. వినిపించుకునే స్థితిలో లేదు. అయిపోయింది, ఇక ఎక్కదు అనుకున్నాను. లోపలికి పరుగెత్తి గిన్నెలు తోమే పీచు తెచ్చి, బొట్టు మేరకు నా మెరుపును నేనే గీకేయడానికి వంగాను.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎందుకే, గంత కష్టపడి చేసింది?"

పళ్లెంలో వేలు ముంచి నా నుదుటి మీద బొట్టు పెట్టింది. గట్టిగా అద్ది, నిలిచిందో లేదో చూసింది. నిలిచింది. తర్వాత ముందు డోరు తానే తీసుకుని కూర్చుని, బోనం ఒళ్లో పెట్టుకుంది.

నేను బండి స్టార్ట్ చేశాను. పాలవాళ్ల ఇంటావిడ కారు కిటికీలోకి వంగి, "నీ కొడుకేడి? బండెవరు నడుపుతరు?" అని అడిగింది.

"కొడుకెందుకు?" అంది అత్తమ్మ. "నా కోడలు నడుపుతది. జరుగు."