పట్టపగలు వెలిగిన మా వీధి దీపాలు

మొన్న గురువారం నాకేమైందో చెప్త గానీ, ముందుగాల గ్లాసులు కింద పెట్టుండ్రి, నవ్వితే ఛాయ్ పొలమారుతది. దొంగను పట్టుకుందామని పోయిన. పట్టుకున్న కూడా! పట్టుకోకుంటే బాగుండు అనిపించింది.

నేను వార్డ్ ఆఫీసర్‌నని మీకు తెలుసు కదా. ఊరు పేరు చెప్పను, ఇంద్రేశం పక్కనే అనుకోండ్రి. ఈసారి మా మున్సిపాలిటీకి కొత్త పని వచ్చింది. ఊరు మొత్తం ఎంత కరెంటు, ఎంత డీజిల్ కాలుస్తుందో చూసి, ఎక్కడ తగ్గించొచ్చు, ఎక్కడ సోలార్ పెట్టొచ్చు అని ప్లాన్ రాయాలె. చుట్టూ ఫ్యాక్టరీల పొగ గొట్టాలు, నడుమల మేము బల్బులు లెక్కపెట్టుకుంట తిరుగుడు! నవ్వకుండ్రి, నాకు మాత్రం మస్తు ఇంట్రెస్ట్ వచ్చింది. యాడ మీటర్ కనబడ్డా ఆగి చూసుడే.

"చెప్పేటోళ్లం మనమే ముందుగాల మారాలె" అన్నడు కమిషనర్ సార్. ఇగ ఆగుతనా? పెట్రోల్ బండి అమ్మేసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్న. పొద్దుగాల అయిదున్నరకు సఫాయి కార్మికుల హాజరు తీసుకొని, వార్డు తిరిగి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి గేటు కాడి సాకెట్‌కు బండి పెడ్త. ఆఫీసు రెండు సందులవతలనే, నడుచుకుంట పోత. సాయంత్రం వచ్చేసరికి బండి ఫుల్! "రెండు నెలలైంది, మా ఇంటి మీటర్‌ల ఒక్క యూనిట్ పెరగలే, ఎలక్ట్రిక్ బండంటే గిట్లుంటది!" అని ఆఫీసుల అందరికీ క్లాసు పీకిన. మీటింగుల చూపిద్దామని సార్ ఆ బండి మీద నా ఫోటో కూడా తీయించిండు.

ఇగ వీధి దీపాల రీడింగులు చూస్తుంటే మా వీధి కాడ నా కలం ఆగింది. పక్క వీధిల ఎన్ని బల్బులో మా వీధిల గన్నే. కరెంటు మాత్రం రెట్టింపు! ఎందుకు? మీటర్ ఖరాబైందేమో అని మార్పించిన. అదే కత. ఎవరన్న దొంగ కరెంటుకు కొండీ వేసిండ్రా అని తలెత్తి వైరు చూసుకుంట నడిచి ఓ బర్రెకు గుద్దుకున్న. ఆఖరికి కిరాణా కొట్టాయన నవ్విండు. "పగటిపూట కూడా మీ వీధి లైట్లు వెలుగుతయ్ మేడమ్. ఎండల మీకు కనబడతలేదు అంతే."

పగలా! స్తంభం మీది డబ్బాల స్విచ్ వేసుడు, తీసుడు ఎలక్ట్రీషియన్ యాదగిరి పని. ఇంకెవరి తప్పుంటది? సార్‌కు చెప్పిన. "సోమవారం దాకా చూద్దాం. తేలకుంటే వేరే మనిషిని పెట్టుకుందాం" అన్నడు. మెమో నేనే టైప్ చేసి పెట్టిన. 'మీ నిర్లక్ష్యం వల్ల ప్రజల విద్యుత్తు వృథా అయినది. ఇది క్షమార్హం కాదు' అని, గట్టిగనే రాసిన.

యాదగిరిది ఔట్‌సోర్సింగ్ కొలువు, ఒక్క సంతకంతో పోతది. మొహం చిన్నగ చేసుకొని వచ్చిండు. "ఏడు కాకముందే బంద్ చేస్తున్న మేడమ్. నమ్మకుంటే ఒక్క దినం నాతోని కూసోని చూడుండ్రి." గా మాటకు నా మనసు పీకింది. ఇంతకూ స్విచ్ వేసేదెవరో తెలుసుకోవాలని కుతి కూడా ఉండె.

గురువారం ఆఫీసుల పర్మిషన్ పెట్టిన. బండిని సాకెట్‌కు పెట్టి, "అత్తమ్మా, ఆఫీసుకు పోతున్న" అని చెప్పి, స్తంభం ఎదురుంగ ఛాయ్ హోటల్‌ల కూసున్న. పక్కన యాదగిరి. లైట్లన్నీ బంద్. ఒక ఛాయ్ అయింది. రెండోది అయింది.

మా గేటు చప్పుడైంది. మోకాళ్లు పట్టుకుంట అత్తమ్మ వచ్చింది. అటు ఇటు చూసి, డబ్బా తెరిచి, కట్టెతోని స్విచ్ మీదికి నెట్టింది. వీధి లైట్లన్నీ వెలిగినయ్!

ఉరికిన. "అత్తమ్మా! గదెందుకు వేసినవ్?"

"నీ బండికే బిడ్డా! ఇది వేస్తేనే దాని ఛార్జర్ డబ్బాల ఎర్ర లైటు వస్తది. ఛార్జింగ్ ఎక్కుతుందో లేదో చూస్తుండమని మొదటి దినం నువ్వే చెప్పినవ్ కదా."

"గేటు కాడి సాకెట్ మన ఇంటిది కాదా?"

"మనదేడిది? వినాయకుని మండపం లైట్లకని కాలనీ పోరగాళ్లు ఈ స్తంభం నుంచి వైరు గుంజి మన గోడకు పెట్టిండ్రు. పండుగ అయినంక ఎవ్వలు తీయలే."

"అంటే... రోజూ వేస్తున్నవా?"

"ఒక్క దినం మర్వలే!" అన్నది గర్వంగ. "నువ్వు వచ్చేలోపల మళ్ల బంద్ చేస్త. ఉత్తగ కాలబెట్టుడు ఎందుకని."

తిట్టాల్నా? కాళ్లు మొక్కాల్నా? నా బండి కోసం రోజూ నొప్పుల కాళ్లతోని వచ్చిందామె. నా ఒక్క స్కూటర్ కోసం వీధి వీధంతా పట్టపగలు వెలిగింది! వెనుకకు తిరిగి చూసే ధైర్యం లేదు. యాదగిరి మెల్లగ దగ్గరికొచ్చి అడిగిండు. "మేడమ్, గా మెమో ఇప్పుడు అత్తమ్మకు ఇస్తరా?"

సోమవారం మీటింగుల పెద్ద తెర మీద ఫస్టు ఫోటో నాదే. స్కూటర్ మీద నవ్వుకుంట నేను, కింద 'కర్బన రహిత వార్డుకు తొలి అడుగు' అని. గా ఫోటో కిందనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పిన. సిగ్గుతోని చచ్చిపోయిన అనుకోండ్రి. సార్ అంతా విని, నేను టైప్ చేసిన మెమోనే తెప్పించి, పేరు ఒక్కటి మార్పించి, యాదగిరి చేతికిచ్చిండు. "నువ్వే ఇచ్చి సంతకం తీసుకో."

నా మెమో నాకే! 'క్షమార్హం కాదు' కాడికి వచ్చేసరికి కండ్లు పైకి లేస్తలేవు. సంతకం పెడుతుంటే యాదగిరి పక్కనుంచి తొంగి చూసి, ఏ వెటకారం లేకుండ అన్నడు.

"మస్తు రాసిండ్రు మేడమ్."