మానుకోట మామ గురక

మా అక్క మామ మీద నేను పదిహేనేండ్లు పగ సాకాను. నీళ్లు పెట్టాను, ఎరువు వేశాను, కలుపు తీశాను. ఆ కష్టంలో సగం పొలం మీద పెట్టి ఉంటే నర్మెట్ట నుంచి జనగామ దాకా భూమంతా మాదే అయి ఉండేదని మమ్మల్ని కన్న మా అవ్వ అనేది. అవ్వకు తెలియనిదేమంటే, పొలం ఒక ఏడు కాకపోతే ఒక ఏడు ఎండుతుంది. పగకు కరువు లేదు.

ఆయనది మహబూబాబాద్. మేమంతా మానుకోట అనే అంటాం. భూములున్నాయి, పల్లీల మిల్లు ఉంది, అన్నిటినీ మించి గొంతు ఉంది. కురవిలో వీరభద్రస్వామి ముందు నిలబడి మొక్కు చెప్పుకుంటే మానుకోట స్టేషన్లో ఆగిన రైలు గార్డు ఈల అనుకుని కదిలేది. నేను ఒక్క అక్షరం పెంచి చెప్పడం లేదు.

అక్క పెళ్లి అరవైతొమ్మిది ఎండాకాలంలో అయింది. ఉద్యమం రోజులు. కాలేజీలు మూతపడ్డాయి కాబట్టి నేను పరీక్షల భయం లేకుండా ఇంటి దగ్గర వీరుడిలా తిరుగుతున్నాను. ఏ రైలు ఎక్కడ ఆగిపోతుందో తెలియక మగపెళ్లివారు లారీలో వచ్చారు. లారీ దిగేసరికి వాళ్ల మీద ఉన్న దుమ్ముతో రెండు గోడలు మెత్తవచ్చు.

మా బాపు సంగతి చెప్పాలి. ఆయనకు మెడ అనేది పేరుకే. తల నేరుగా భుజాల మీద కుదురుకున్న మనిషి. చక్కెర బీమారి ఉందని జనగామ డాక్టరు గోలీలు ఇచ్చాడు. అది వేరే ముచ్చట. అసలు ముచ్చట నిద్ర. రాత్రంతా పడుకున్నా తెల్లారి కూర్చున్న చోటే కన్ను మూతపడేది. బండి తోలుతూ నిద్రపోతే ఎడ్లు ఆయనను పొలానికి తీసుకుపోయి, పని లేదని తెలుసుకుని, మళ్లీ ఇంటికి తెచ్చేవి. ఇక గురక. ఆ గురకకు మా పెంకుటింటి మీద ఏడాదికి నాలుగు పెంకులు జారేవి. ఇంట్లో ఎవరికీ చింత లేదు. తిన్నది ఒంటబట్టినోడే గురక పెడతడని అవ్వ సిద్ధాంతం. కలిగిన ఇంటికి గాదె ఎంతో గురక అంత.

కన్యాదానం చేసే తండ్రి పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టడు. బాపు ఆకలితో, ఉక్కపోతతో పీట మీద కూర్చున్నాడు. అయ్యగారి మంత్రాలు సాగుతున్నాయి. అక్క చెయ్యి బాపు చేతిలో ఉంది. ఆ చెయ్యి అట్లాగే పట్టుకుని బాపు నిద్రపోయాడు. గురక మొదలైంది.

మామ లేచి నిలబడి చెయ్యెత్తాడు.

"ఏయ్, జర మేళం బంద్ పెట్టుండ్రి. మా బావ సన్నాయి ఊదుతున్నడు, ఇననీయుండ్రి."

మేళం ఆగింది. గురక ఒక్కటే పందిరంతా వినిపించింది. తర్వాత నవ్వు. ఆ నవ్వుకు బాపు ఉలిక్కిపడి లేచి, "అయినయా మంత్రాలు?" అన్నాడు. పందిరి గుంజలు కూడా నవ్వాయి. చేసేది లేక బాపు కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. నేను ఆ క్షణంలో పెట్టుకున్న ఒట్లు పుస్తకంగా అచ్చువేస్తే రెండు సంపుటాలు అవుతాయి.

మాట అక్కడితో ఆగలేదు. బువ్వబంతి భోజనాల దగ్గర ఆడవాళ్లు దాని మీద పాట కట్టారు. మానుకోటలో అక్కను సన్నాయోళ్ల పిల్ల అన్నారు. బాపు పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. మా ఊరికి పటేలు బాపే, ఊరివాళ్లకు ఆయన మీద ప్రాణం. పటేలు పరువు కాపాడాలని పెద్దమనుషులు ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆయన కూర్చున్న చోట నిద్రపోతే ఎవరూ లేపొద్దు, చూసినట్టు కూడా ఉండొద్దు. ఎవరైనా అడిగితే "పటేలు యోచన చేస్తున్నడు" అనాలి. ఇంత మర్యాద గల ఊరు ఏడు జిల్లాల్లో లేదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

నాలుగో ఏడు, చెరువు నీళ్ల పంచాయతీ. మధ్యాహ్నం చావడి గోడకు ఆనుకుని బాపు కూర్చున్నాడు. గురక పెట్టాడు, ఆగాడు, మళ్లీ పెట్టాడు, ఆగాడు. ఆ తర్వాత పెట్టలేదు. "యోచన లోతుకు పోయింది" అన్నాడట ఒక పెద్దమనిషి. అందరూ గొంతు తగ్గించుకుని మాట్లాడుకున్నారు. ఇరువైపుల మాటలూ ఒడిసిపోయాయి, తీర్పు చెప్పమని అడగడానికి ఆయన లేచేదాకా ఆగారు. ఎండ చావడి మెట్లు దిగిపోయింది. చాయ్ తాగడానికి బాపును పిలువమని అవ్వ నన్ను పంపింది. నేను భుజం ముట్టుకున్నాను.

లేపి ఉంటే బతికేవాడా అంటే నాకు తెలియదు. ఎవరూ ఎందుకు లేపలేదో మాత్రం తెలుసు. ఆ కారణం మానుకోటలో మిల్లు నడుపుకుంటూ హాయిగా ఉంది.

ఆ తర్వాత పదకొండేండ్లు నేను వేసిన ఎత్తులు ఏ రాజ్యానికీ అవసరపడి ఉండవు. ఒక్కటీ పారలేదు. చివరికి కాలమే నాకు కూలికి వచ్చింది. మామ లావెక్కాడు. పొట్ట గడప దాటిన చాలాసేపటికి మనిషి దాటేవాడు. మెడ మాయమైంది. చక్కెర వచ్చింది, బీపీ వచ్చింది. పగలు మిల్లులో కూర్చుంటే కునుకు, కునుకుతో గురక. మిల్లు చప్పుడు మీద కూడా వినిపించేది.

ఆయన చిన్నకొడుకు పెళ్లి రేగొండలో కుదిరింది. పనులకు సాయమని పది రోజుల ముందే మానుకోట పోయాను. మా బావ దగ్గర గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చి ఇచ్చిన టేప్ రికార్డర్ ఉంది. దాన్ని చూడగానే నా పగ పురి విప్పింది. శనివారం పగటిపూట మామ కోడికూర తిని నవారు మంచం మీద వెల్లకిలా పడ్డాడు. నేను తలాపున పెట్టె పెట్టి మీట నొక్కాను. అక్క వాకిట్లోంచి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"పాట ఎక్కిస్తున్న."

"ఏం పాట?"

"మీ మామ సన్నాయి. రేగొండ పందిట్ల మైకుల ఏస్త."

అక్క కాసేపు మామను చూసింది. "ఏసేటప్పుడు నన్ను పిల్వు. ముందట కూసుంట" అంది.

సాయంత్రం దొడ్లో కూర్చుని విన్నాను. గురక బ్రహ్మాండంగా పడింది. నడుమ ఆగింది. క్యాసెట్ పాడైందనుకున్నాను. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నేను బీడీ ముట్టించుకునేంతసేపు చప్పుడు లేదు. ఆ వెనుక బావిలో పడ్డవాడు పైకి తేలినట్టు ఒక్క గుటక, మళ్లీ గురక. మళ్లీ ఆగడం. మళ్లీ. ఆ ఆగడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు బాపు పక్కన పడుకుని, అది ఎప్పుడు విడుస్తుందా అని నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి.

సోమవారం పొద్దున పెట్టె సంకన పెట్టుకుని వరంగల్లో ఒక డాక్టరు దగ్గరికి పోయాను. కొత్తగా చదివి వచ్చినవాడు, కృష్ణా జిల్లా మనిషి. క్యాసెట్ రెండుసార్లు విన్నాడు.

"మీ నాన్నగారా?"

"కాదు. మా అక్క మామ."

"షుగర్ ఉందా? బీపీ? పగలు నిద్రపోతారా?"

"అన్నీ ఉన్నయ్. ఒక్క సిగ్గు లేదు."

ఆయన నవ్వకుండా చెప్పాడు. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె ఏటికి ఎదురీదినట్టు పనిచేస్తుంది. పొట్ట, చక్కెర, బీపీ, గురక వేర్వేరు జబ్బులని తమకు చదువు చెప్పారు. ఇవి ఒకదాన్నొకటి పెంచుతాయని, చివరికి గుండెను పట్టుకుంటాయని ఇప్పుడు పైదేశాల్లో పరిశోధన చేస్తున్నారు. ఇంకా తేలాల్సింది చాలా ఉంది. నాకు అర్థమైంది. జబ్బులు కూడా మనలాగే వియ్యమందుకుంటాయి. ఆ పైదేశాల్లో ముక్కుకు గాలి పట్టే యంత్రం కూడా చేశారట. ఇక్కడికి ఎప్పుడొస్తుందో. అప్పటిదాకా ఒళ్లు తగ్గాలి, పక్కకు తిరిగి పడుకోవాలి, చక్కెర అదుపులో ఉండాలి, తాగుడు మానాలి.

"వదిలేస్తే?"

"గుండె ఎన్నాళ్లు మోస్తుందో చెప్పలేను."

బస్సులో మానుకోట దాకా నాలో నేనే పంచాయతీ పెట్టుకున్నాను. నోరు మూసుకుంటే చాలు, నా పని గురకే చేసిపెడుతుంది. కానీ ఈయన కూడా నిద్రలోనే పోతాడు. ఏమీ తెలియకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా, కోడికూర తిన్న సుఖంలో పోతాడు. అంత చవకగా నేను పోనిస్తానా?

ఇంటికి రాగానే అక్కను, బావను పిలిచి, మామ ముందు పెట్టె పెట్టి మీట నొక్కాను. మామ పొట్ట ఊగేటట్టు నవ్వాడు.

"ఎవల్దిరా అల్లుడా గిది? మీ బాపుదా? ఇన్నేండ్లు దాసుకున్నవా?"

"బాపు పోయిన్నాడు మా ఊళ్లె గీ పెట్టెలు యాడియి మామా. గిది నీదే. మొన్న శనివారం పగటీలిది."

గురక ఆగింది. మామ నవ్వు కూడా ఆగింది. చక్రాలు తిరుగుతున్నాయి.

"ఏమాయెరా, కరాబయిందా?"

"కరాబు గాలె. గాడ నువ్వు సచ్చినవ్. జర ఆగు, మల్ల లేస్తవ్."

ఆయన చెయ్యి దానంతట అదే ఛాతీ మీదికి పోయింది. పెట్టెలో గుటక వినపడేదాకా ఆయనా ఊపిరి తీయలేదు. అక్క పెట్టె బంద్ చేసి, "మామా, రేపు వరంగల్ దవాఖానకు పోతున్నం" అంది. అడగడం కాదు, చెప్పడం.

అప్పటి నుంచి నా రాజ్యం మొదలైంది. డాక్టరు ఒకటి చెబితే నేను ఏడు చేయించాను. వెల్లకిలా పడుకోకుండా బనీను వెనక ఏదైనా గట్టిది కుట్టమన్నాడు. అక్క రెండు ఎండుకొబ్బరి కుడుకలు కుట్టింది. ఆ కుట్లు నేను చూశాను, ఏనుగును కట్టేయొచ్చు. వెల్లకిలా తిరిగిన ప్రతిసారీ మామ చేసిన చప్పుడు గురక కంటే నాకు ఇంపుగా ఉండేది. రేగొండలో బంతికి ఆయన పక్కనే కూర్చున్నాను. ఆయన ఇస్తరాకులో లడ్డు పడితే తీశాను, బచ్చమనే బొబ్బట్టు పడితే తీశాను.

"ఏందన్నా, వియ్యంకుని ఇస్తారిలకెల్లి గుంజుకుంటున్నవ్?" అని వడ్డించేవాడు నిలదీశాడు.

"దవాఖాన హుకుం" అన్నాను, పందిరంతా వినబడేటట్టు. మామ ఎర్రగా చూసి, ముందున్న అన్నం కలుపుకున్నాడు. క్యాసెట్ సంగతి ఆయనకు గుర్తుంది. మైకు నా పక్కనే ఉంది.

ఏడాదికి ఆయన మెడ మళ్లీ కనిపించింది. జొన్నగట్క, కాకరకాయ, పొద్దున్నే మూడు మైళ్ల నడక, నడకంతా నాకు శాపనార్థాలు. పగటి కునుకు పోయింది. ఒక ఎండాకాలం పొద్దున మిల్లు అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు.

"అల్లుడా, మీ బాపుకు గూడ గిట్లనే ఆగుతుండెనా?"

"ఆగుతుండె."

"నాకు ఎర్కలేదురా. నవ్వులాటకన్న."

పదిహేనేండ్లు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. వస్తే ఏమనాలో వంద రకాలుగా కంఠతా పట్టాను. ఆయన తల వంచుకుని ముందున్న బుట్టలోంచి ఒక మామిడిపండు తీసి, రెండు చేతులతో మెత్తగా పిసుకుతున్నాడు. ఇంకాసేపు అట్లాగే ఉంటే నేను క్షమించేసేవాణ్ణేమో.

చక్కెర ఉన్న మనిషి, పండును నోటి దగ్గరికి ఎత్తాడు. ఆ పండు ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఎదురుగా నిలబడి, టెంక దాకా, నేనే తిన్నాను.